దేవుణ్ణి కొలిచేవాడి గ్రాసం ఎవరి బాధ్యత?

జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఏ పల్లెకు వెళ్లినా ఆదివారం ఉదయం రెండు దృశ్యాలు కనిపిస్తాయి. ఊరి నడుమ రామాలయంలో అర్చకుడు ఒక్కడే గంట వాయించుకుని, నైవేద్యం చూపించి, తలుపు దగ్గరగా వేసి తన పని మీద తాను వెళ్లిపోతాడు. ఊరి చివర ప్రార్థనా మందిరంలో కూలికి వెళ్లే ఇల్లాళ్లు కొంగున ముడివేసి తెచ్చిన డబ్బును, ఇంట్లో విడిగా తీసిపెట్టిన బియ్యాన్ని కానుకగా సమర్పిస్తారు. ఆ బియ్యంతోనే పాస్టరు ఇంట పొయ్యి వెలుగుతుంది. వారి సంఘం పెద్ద సంపన్నుల సంఘమేమీ కాదు. అయినా తమ కాపరిని పస్తు ఉంచకూడదన్న పట్టుదల వారిలో ఉన్నది.

ఇది చూసి మనవారిలో కొందరు "వాళ్లకు బయటి దేశాల డబ్బు వస్తుందండీ" అని తేల్చేస్తారు. వచ్చేవారికి వస్తుందేమో. కానీ పల్లెలో రేకుల కప్పు కింద ప్రార్థన జరిపే సంఘాల్లో అనేకం ఆ కూలి డబ్బు మీదే నడుస్తున్నాయన్నది కళ్లుండి చూసేవారికి తెలిసిన సంగతే. మరి వారికి ఆ అలవాటు ఎక్కడ నుంచి వచ్చింది? వారి గ్రంథం ఏమి చెప్పింది? మన శాస్త్రం ఏమి చెప్పింది? రెండూ పక్కపక్కన పెట్టి చూడడమే ఈ వ్యాసంలో చేయబోయే పని. ఇతర మత గ్రంథం పేరెత్తినంత మాత్రాన మన దీపం ఆరిపోదు గనుక, పాఠకులు కొంచెం ఓపికగా చదవాలని కోరుతున్నాను.

క్రైస్తవుల బైబిలు మొదటి భాగం యూదుల ధర్మశాస్త్రం. అందులో ఇశ్రాయేలు జనం పన్నెండు గోత్రాలుగా భూమి పంచుకున్నప్పుడు దేవాలయ సేవ చేసే లేవీయులకు మాత్రం భూభాగం పంచి ఇవ్వలేదు. నివసించడానికి కొన్ని పట్టణాలు, పశువులకు మేతబీళ్లు ఇచ్చారు, అంతే. దేవుడే వారి వాటా అని నిర్ణయించి, మిగిలిన జనం పండించిన దానిలో పదోవంతు వారికి ఇవ్వాలని విధించారు. నేటి సంఘాల్లో వినిపించే 'దశమ భాగం' అన్న మాటకు మూలం ఇదే. ఇందులో చాలామంది గమనించని సంగతి మరొకటి ఉన్నది. ఆ పదోవంతు పుచ్చుకున్న లేవీయుడు కూడా దానిలో మళ్లీ పదోవంతు తీసి ప్రధాన యాజకునికి సమర్పించాలి. పుచ్చుకునేవాడికి ఇచ్చే బాధ్యత తప్పలేదు. ఈ నియమం నాకు చాలా నచ్చింది.

అదే ధర్మశాస్త్రంలో రైతుకు చెప్పిన చిన్న నియమం ఒకటున్నది. కళ్లంలో కంకులు తొక్కుతున్న ఎద్దు మూతికి చిక్కెం కట్టరాదు. మన సీమ రైతుకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. యంత్రాలు రాక మునుపు జొన్న కళ్లం, కొర్ర కళ్లం మీద ఎద్దులను బంతి కట్టి తొక్కించినవారు నేటికీ పల్లెల్లో ఉన్నారు. తొక్కే ఎద్దు తల వంచి రెండు కంకులు అందుకుంటే కసిరేవాడిని ఊరు మెచ్చేది కాదు. ఏసుక్రీస్తు తరువాతి తరంలో ముఖ్యుడైన పౌలు ఈ నియమాన్నే తీసుకుని కొరింథు పట్టణపు సంఘానికి లేఖ రాశాడు. సైనికుడు సొంత ఖర్చుతో యుద్ధానికి వెళ్లడు, ద్రాక్షతోట వేసినవాడు పండు తినకుండా ఉండడు, మందను కాచేవాడికి పాలు దక్కుతాయి, బలిపీఠం దగ్గర సేవ చేసేవాడికి అక్కడి నైవేద్యంలో భాగం ఉంటుంది అని లోకరీతిని ఒక్కొక్కటిగా చెప్పి, ధర్మాన్ని బోధించేవాడికి ఆ బోధ వలన జీవనం జరగాలని వాదించాడు. గలతీయులకు రాసిన లేఖలో విద్య పొందినవాడు తనకున్న మంచి పదార్థాలను గురువుతో పంచుకోవాలన్నాడు. అంతకు ముందే ఏసు తన శిష్యులను ఊళ్లకు పంపేటప్పుడు డబ్బు సంచి తీసుకుపోవద్దనీ, పనివాడికి కూలి పొందే అర్హత ఉన్నది గనుక ఏ ఇంట ఆదరిస్తే ఆ ఇంట పెట్టినది తినమనీ చెప్పినట్లు సువార్తల్లో ఉన్నది.

ఇంత వాదించిన పౌలు ఆ కొరింథులో మాత్రం ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు! గుడారాలు కుట్టే వృత్తి చేసుకుని బతికాడు. మాసిదోనియ ప్రాంతపు సంఘాలు పంపిన సాయం స్వీకరించాడు గానీ, తన బోధ వింటున్నవారికి భారం కాలేదు. హక్కు ఉన్నదని నిరూపించి, ఆ హక్కును తాను వదులుకున్నాడు. ఇది మనకు కొత్త సంగతి కాదు. తిరువయ్యూరులో తెలుగు కృతులు పాడుకుంటూ ఉంఛవృత్తితో జీవించి, రాజాదరణ వద్దన్న త్యాగరాజస్వామిని తలచుకోండి. పుచ్చుకునే అర్హత ఉండి పుచ్చుకోనివాడి ఘనత వేరు. అయితే ఆ ఘనతను సాకుగా చూపి "అర్చకుడు త్యాగి కావాలి గదా" అంటూ ఇవ్వవలసినవాడు చేయి ముడుచుకోవడం న్యాయం కాదు. త్యాగం చేయవలసినది తానే నిర్ణయించుకోవాలి. ఎదుటివాడి త్యాగాన్ని మనం నిర్ణయించరాదు.

ఆ గ్రంథంలో నా మనసును పట్టుకున్న ఘట్టం నెహెమ్యా అనే అధికారి కథ. యెరూషలేము ప్రాకారాన్ని తిరిగి కట్టించిన నెహెమ్యా కొంతకాలం పారశీక రాజు కొలువుకు వెళ్లి తిరిగి వచ్చేసరికి దేవాలయం బోసిపోయి ఉన్నది. ఎందుకని విచారిస్తే, జనం లేవీయులకు ఇవ్వవలసిన భాగం మానివేశారు. వారు, ఆరాధనలో పాడే గాయకులు, ఎవరి పొలాలకు వారు పారిపోయారు. నెహెమ్యా ఆ పారిపోయినవారిని నిందించలేదు. దేవుని ఇంటిని ఎందుకు వదిలేశారని పెద్దలను నిలదీశాడు. సేవకులను వెనక్కి రప్పించి వారి వారి స్థానాల్లో నిలబెట్టాడు. అప్పుడు జనం మళ్లీ ధాన్యం, ద్రాక్షరసం, నూనె కొట్లకు తెచ్చారు. ఆ కొట్ల మీద నమ్మకస్తులను నియమించి పంపకం సక్రమంగా జరిగేటట్లు చూశాడు. రెండువేల నాలుగు వందల ఏళ్ల నాటి మాట ఇది. దీన్ని చదువుతున్నప్పుడు నాకు మన పల్లెల్లోని ఆలయాలే కళ్ల ముందు మెదిలాయి. అర్చకుని కొడుకు బెంగుళూరులోనో హైదరాబాదులోనో గుమాస్తా పనికి వెళ్లాడంటే ఆ తప్పు ఎవరిది?

ఇక మన శాస్త్రానికి వద్దాం. వైదిక కర్మలో దక్షిణకు ఉన్న స్థానం ఎంతటిదో శతపథ బ్రాహ్మణం ఒక కథగా చెబుతుంది. యజ్ఞం చేస్తున్నప్పుడు సోమాన్ని దంచుతారు, హవిస్సును ఖండిస్తారు. అలా యజ్ఞమే హతమై శక్తి కోల్పోయింది. దేవతలు దక్షిణలతో దానికి మళ్లీ దక్షతను, అంటే బలాన్ని, కలిగించారు. అందుకే దానికి దక్షిణ అని పేరు. ఆ బ్రాహ్మణమే దేవతలు రెండు విధాలని చెబుతుంది. హవిస్సుతో తృప్తి పొందే దేవతలు ఒకరు, దక్షిణతో తృప్తి పొందే వేదవిదులైన మనుష్య దేవతలు మరొకరు. గీతాచార్యుడు పదిహేడవ అధ్యాయంలో తామస యజ్ఞ లక్షణాలు చెబుతూ విధి లేనిది, అన్నదానం లేనిది, మంత్రం లేనిది, శ్రద్ధ లేనిది అన్న వాటి సరసన దక్షిణ లేని యజ్ఞాన్ని కూడా చేర్చాడు. అంటే దక్షిణ పురోహితునికి విసిరే బక్షీసు కాదు, కర్మలో అంగం. ఋగ్వేదం పదవ మండలంలో దక్షిణను స్తుతించే సూక్తమే ఒకటి వేరుగా ఉన్నది. అదే మండలంలో భిక్షు ఆంగిరసుడు దర్శించిన సూక్తం ఒంటరిగా తినేవాడి పాపాన్ని నిష్ఠురంగా చెబుతుంది.

ఇవ్వడం ఎలా ఉండకూడదో తెలియాలంటే కఠోపనిషత్తు తెరవాలి. వాజశ్రవసుడు సర్వస్వం దానం చేస్తున్నానంటూ తాగవలసిన నీళ్లు తాగేసిన, మేయవలసిన గడ్డి మేసేసిన, ఇక పాలివ్వలేని ముసలి గోవులను దక్షిణగా తోలించాడు. బాలుడైన నచికేతుడికి శ్రద్ధ ఆవహించి, ఇటువంటి దానం చేసిన తండ్రి ఆనందం లేని లోకాలకు పోతాడే అని బాధపడ్డాడు. ఆ బాధలోంచే ఉపనిషత్తంతా పుట్టింది. పురోహితుని పంచెల చాపు కోసం దుకాణంలో "దానానికి ఇచ్చేది చూపించండి" అని అడిగే ఆచారం మన ఊళ్లలో ఉన్నది. ప్రొద్దుటూరు బట్టల బజారులో అలా అడిగితే వారు వేరే అర నుంచి తీసి చూపిస్తారు. పలుచనివి, రెండు ఉతుకులకు చిరిగేవి. నచికేతుడు ఆ దుకాణం అరుగు మీద కూర్చుని ఉంటే ఏమనుకునేవాడో మీరే ఊహించండి.

పుచ్చుకునేవాడి వైపు నుంచి చెప్పే ఉపనిషత్ కథ ఇంకొకటి ఉన్నది. కరవు జిల్లావారమైన మనకు అది తొందరగా అర్థమవుతుంది. ఛాందోగ్యంలో ఉషస్తి చాక్రాయణుడు గొప్ప సామవేత్త. వడగళ్ల వానకు కురుదేశపు పంటలు పోయి, భార్యతో ఏనుగుల మావటుల పల్లె చేరాడు. ఒక మావటి ఉడికించిన గింజలు తింటూంటే యాచించాడు. అతడు ఇవి తప్ప వేరే లేవన్నాడు. ఉషస్తి ఆ ఎంగిలి గింజలనే పుచ్చుకున్నాడు. తరువాత మావటి నీళ్లు ఇవ్వబోతే ఎంగిలి నీరు నాకు వద్దన్నాడు. గింజలు మాత్రం ఎంగిలివి కావా అని అతడడిగితే, అవి తినకపోతే నా ప్రాణం నిలిచేది కాదు, నీళ్లంటావా, నాకు ఇంకెక్కడైనా దొరుకుతాయి అన్నాడు. మరునాడు ఆ మిగిలిన గింజలే తిని ఓపిక తెచ్చుకుని రాజు చేస్తున్న యజ్ఞానికి వెళ్లాడు. అక్కడి ఋత్విజులకు తాము స్తుతిస్తున్న దేవత ఎవరో తెలియదని తేలింది. ఉషస్తి ఎవరో తెలిసి రాజు పశ్చాత్తాపపడ్డాడు, మీ కోసం వెతికి దొరకక వీరిని పెట్టుకున్నానన్నాడు. ఉషస్తి వారిని వెళ్లగొట్టమనలేదు. వీరే నా అనుమతితో పాడతారు, వీరికి ఎంత ధనం ఇస్తావో నాకూ అంతే ఇవ్వు అన్నాడు.

ఈ కథలో మూడు విషయాలు ఉన్నాయి. పండితుడు ఆకలికి ఎంగిలి తినే స్థితి వచ్చింది, ఆ దోషం దేశానిది. అతడు ప్రాణం నిలుపుకోవడానికి చాలినంతే పుచ్చుకుని అక్కడ ఆగాడు. పని దొరికినప్పుడు తోటివారి కంటె ఒక్క కాసు ఎక్కువ అడగలేదు. అర్చక వృత్తిలో ఉన్న నా వంటివారికి ఈ మూడవది రోజూ గుర్తుండాలి.

జనక మహారాజు వద్ద యాజ్ఞవల్క్యుడు చూపిన నియమం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జనకుడు సంతోషించి వెయ్యి గోవులు ఇస్తానన్న ప్రతిసారీ, పూర్తిగా బోధించకుండా ధనం పుచ్చుకోకూడదని మా తండ్రి అభిప్రాయం అన్నాడాయన. పౌలు చెప్పిన ఎద్దు ముందు కళ్లం తొక్కాలి, ఆ తరువాతే కంకి. ఇక్కడ రెండు శాస్త్రాలూ కలుస్తాయి.

మనుస్మృతి బ్రాహ్మణునికి చెప్పిన ఆరు కర్మల్లో చదవడం, యజ్ఞం చేయడం, దానం ఇవ్వడం ధర్మానికి. చదువు చెప్పడం, యజ్ఞం చేయించడం, యోగ్యుని వద్ద దానం పుచ్చుకోవడం జీవనానికి. ఎంత నిలవ ఉంచుకోవాలో కూడా అందులో మెట్లు చెప్పారు. మూడేళ్లకు సరిపడే గాదె ఉన్నవాడు, ఏడాదికి సరిపడే కుండ ఉన్నవాడు, మూడు రోజుల గింజలున్నవాడు, రేపటికి లేనివాడు. వీరిలో వెనుకవాడే మేలు. కోసిన చేలో రాలిన కంకులు ఏరుకునే శిలోంఛవృత్తికి ఋతమని పేరు, అడగకుండా వచ్చినదానికి అమృతమని పేరు, యాచనకు మృతమని పేరు. ఈ పేర్లలోనే తూకం ఉన్నది. అర్చకుడు నోరు విప్పి అడగవలసి వచ్చిందంటే అది అతనికి ఒక చావు. గృహస్థు అడగకుండా తెచ్చి పెడితే అది అమృతం. గాలిని ఆశ్రయించి ప్రాణులు బతికినట్లు మిగిలిన ఆశ్రమాలు గృహస్థుని ఆశ్రయించి బతుకుతాయని ఆ స్మృతే చెప్పింది. అంటే మిమ్మల్ని ఆశ్రయించి.

దేవాలయంలో ఆదాయం కోసం పూజ చేసే దేవలకుని శ్రాద్ధ భోజనానికి పిలవరాదన్న నిషేధం కూడా ఆ స్మృతిలోనే ఉన్నది. దీన్ని దాచిపెట్టి దక్షిణ మహిమ ఒక్కటే చెబితే అది సగం సత్యం. పూజ బేరమైతే పూజారి హీనుడవుతాడన్న భయం మన ఋషులకు గట్టిగా ఉండేది. క్రైస్తవ గ్రంథానికీ ఆ భయం ఉన్నది. ఏలీ అనే యాజకుని కొడుకులు నైవేద్యం పూర్తి కాకముందే మూడు ముళ్ల గరిటె గుచ్చి మాంసం లాక్కున్నందుకు ఆ వంశమే నశించింది. ఎలీషా ప్రవక్త నయమాను కుష్ఠు పోగొట్టి కానుక వద్దంటే, శిష్యుడు గేహజీ వెనుక నుంచి పరుగెత్తి అబద్ధం చెప్పి వెండి, బట్టలు పుచ్చుకున్నాడు, ఆ కుష్ఠు అతనికే అంటింది. తొలి క్రైస్తవుల నియమావళి 'దిదాఖే' అనేది 1873లో తిరిగి దొరికి 1883లో అచ్చయింది. ఊరికి వచ్చిన ప్రవక్త మూడు రోజులు తిష్ఠ వేస్తే, లేదా డబ్బు అడిగితే, వాడు కపట ప్రవక్త అని అందులో ఉన్నది. నిజమైన ప్రవక్త మీ ఊళ్లో స్థిరపడితే పంటలో తొలి భాగం వానికి ఇవ్వండని కూడా అందులోనే ఉన్నది. గేహజీలు అన్ని మతాల్లోనూ ఉన్నారు. వారిని చూపించి ఉషస్తిని పస్తు పెట్టడం తగదు.

మన జిల్లాలో ఈ పోషణ ఒకప్పుడు ఎలా జరిగేదో కొంచెం చెప్పాలి. గుడికి దేవదాయం, వేదపండితునికి బ్రహ్మదాయం, మసీదుకూ ఫకీరుకూ వేరే ఇనాము. కళ్లం దగ్గర రైతు కొలిచేటప్పుడు చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి మేర తీసినట్లే పూజారికీ మేర తీసేవాడు. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి అప్పగించాక 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా ఉన్నవాడు థామస్ మన్రో. మంత్రాలయం మఠం భూమి పన్ను విచారణకు వెళితే రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడారని, పులివెందుల వైపు పాపాఘ్ని నది చీల్చుకుని వచ్చే గండి దగ్గర వీరాంజనేయస్వామి సన్నిధిలో బంగారు తోరణం ఆయన కంటికి కనిపించిందని మనవారు నేటికీ చెప్పుకుంటారు. తిరుమలలో ఆయన పేరిట మన్రో గంగాళం ఉన్నది. స్వయంగా క్రైస్తవుడైన ఆ దొర 1827 జూలైలో పత్తికొండలో కలరాతో మరణించాడు. ఐతిహ్యాలు ఎలా ఉన్నా, ఈ సీమ ప్రజలు ఆయనను తలచుకోవడంలో ఒక న్యాయం ఉన్నది. దేవుని గ్రాసం జోలికి పోని అధికారిని వారు మరచిపోరు.

1822లో లండన్ మిషను వారు కడపలో పని మొదలుపెట్టారు. వారి బోధకుల జీతాలు మొదట్లో ఇంగ్లండులోని భక్తులు కూడబెట్టిన చందాలు. 1876లో మొదలైన ధాత కరువు తరువాత ఈ సీమ పల్లెల్లో అనేకులు ఆ సంఘాల్లో చేరారు. జమ్మలమడుగులో డాక్టర్ క్యాంప్‌బెల్ పేరు మీద ఉన్న ఆసుపత్రి ఆ మిషను వారిదే. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడింది. బయటి నుంచి వచ్చే డబ్బును నమ్ముకున్న సంఘం సొంత కాళ్ల మీద నిలబడదని ఆ మతంలోని మన దేశీయులే ముందుగా గ్రహించారు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య వారిలో మొదటివారు. ఇంగ్లండు సంఘంలో బిషప్పు అయిన తొలి భారతీయుడాయన. క్రైస్తవుల దాన ధర్మాన్ని గురించి ప్రత్యేకంగా పుస్తకమే రాశారు. ఆయన పరిధిలోని తెలుగు పల్లెల్లో నిరుపేద స్త్రీలు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవారు. డబ్బు కంటితో చూడని ఇళ్ల నుంచి ఆ పిడికెళ్లు చేరి ఉపదేశకుల జీవనం జరిగింది.

ఇది చదువుతూ మీలో కొందరికి కంచి పరమాచార్యులవారి పిడికెడు బియ్యం పథకం గుర్తుకు వచ్చే ఉంటుంది. ప్రతి ఇంటి ఇల్లాలు రోజూ వంటకు ముందు ఒక పిడికెడు బియ్యం తీసిపెట్టాలి, వాటిని పోగుచేసి ఊరి గుడిలో నైవేద్యం చేసి పేదలకు పెట్టాలి అని స్వామివారు ఆదేశించారు. ఎవరిని చూసి ఎవరు నేర్చుకున్నారన్న తగవు మనకు అక్కరలేదు. బియ్యపు డబ్బా ముందు నిలబడిన తల్లి చెయ్యి అన్ని మతాల్లోనూ ఒకటే.

మన వైపు ఏమి జరిగిందో ఇక తొందరగా చెబుతాను, ఎందుకంటే ఇది అందరికీ తెలిసిన వ్యథే. 1956 చట్టంతో ఇనాములు రద్దయి రైతువారీ పట్టాలుగా మారాయి. గుడి భూములు కొన్ని చోట్ల కాగితం మీదే మిగిలాయి. 1987 దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కును, కానుకల్లో వాటాను తీసివేసింది. 1996 మార్చిలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. 2007లో చట్ట సవరణతో అర్చక కుటుంబాలకు కొంత ఊరట దొరికింది. ఆదాయం లేని గుళ్లకు ధూప దీప నైవేద్య పథకం కూడా ఆ కాలంలోనే వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి పులివెందుల నుంచి ఎన్నికైనవారు, క్రైస్తవ కుటుంబీకులు. గుడిలో దీపం ఆరకూడదని ఆయన ప్రభుత్వం అనుకోవడాన్ని మనం మెచ్చుకోవాలి. 2020లో కరోనా వ్యాధి వలన గుళ్లు, మసీదులు, చర్చీలు మూతపడినప్పుడు అర్చకులకు, ఇమాములకు, పాస్టర్లకు ఒకేలా 5,000 రూపాయల సాయం అందింది. 2021లో ప్రభుత్వం ఈ గౌరవ వేతనాలను సవరించినప్పుడు పాస్టర్లకు నెలకు 5,000 రూపాయలు నిర్ణయించింది. ధూప దీప నైవేద్యానికి ఇచ్చే మొత్తాన్ని 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచుతున్నట్లు 2024 ఆగస్టులో ప్రభుత్వం ప్రకటించింది.

ప్రజల పన్నుతో మతసేవకులకు వేతనం ఇవ్వవచ్చునా అన్న చర్చ ఉన్నది. ఒక ప్రత్యేక మత వ్యాప్తికి కేటాయించే పన్నును ఎవరిచేతా బలవంతంగా కట్టించరాదని రాజ్యాంగం 27వ అధికరణం చెబుతున్నది గనుక అది న్యాయస్థానాల్లో తేలవలసిన మాట. శాస్త్రం వైపు నుంచి నేను చెప్పగలిగినది ఒక్కటే. పౌలు లేఖ కొరింథు అధికారికి రాయలేదు, సంఘానికి రాశాడు. మనువు గృహస్థునికి చెప్పాడు. సర్కారు ఇచ్చేది ఎండలో చలివేంద్రం వంటిది. దప్పిక తీరుతుంది, సందేహం లేదు. ఇంటి బావి తవ్వుకోవలసిన పని మాత్రం మిగిలే ఉంటుంది.

"అయితే ఆకలితో ఉన్న పాస్టరు మా గుమ్మంలోకి వస్తే మేము పెట్టవచ్చునా?" అని ఒక సోదరి అడిగారు. భాగవతం తొమ్మిదవ స్కంధంలో రంతిదేవుడు నలభై ఎనిమిది రోజుల ఉపవాసం తరువాత దొరికిన అన్నాన్ని మొదట బ్రాహ్మణునికి, తరువాత శూద్రునికి, ఆ తరువాత కుక్కలతో వచ్చినవానికి పెట్టి, చివరికి మిగిలిన నీళ్లను పుల్కసునికి పోశాడు. ఎవరి మంత్రం ఏమిటని అడగలేదు. దక్షిణకు పాత్రత చూడాలి, అన్నానికి ఆకలి చూడాలి. ఎవరి మతం విస్తరించడానికి ఎవరు చందా ఇవ్వాలన్నది వేరే విషయం, దానికి ఎవరి మనస్సాక్షి వారిది. గుమ్మంలో ఉన్నవాడి కడుపు ఆ లెక్కలోకి రాదు.

ప్రొద్దుటూరులో కన్యకాపరమేశ్వరి అమ్మవారి దసరా ఎంత వైభవంగా జరుగుతుందో చెప్పనక్కరలేదు. పసిడిపురి అన్న పేరుకు తగినట్లు అలంకారాలు చేస్తారు, చూడడానికి రెండు కళ్లు చాలవు. జమ్మలమడుగు నారాపుర వేంకటేశ్వరుని బ్రహ్మోత్సవాలకూ, శ్రావణ శనివారాల్లో గండి అంజన్న సన్నిధికీ జనం పోటెత్తుతారు. పెద్ద గుడికి ఇచ్చే చెయ్యి మనకు ఉన్నది. ఆ దారిలోనే ఉన్న చిన్న గుడిని చూసే కన్నే తక్కువైంది. హుండీలో వేసిన డబ్బు దేవస్థానానికి చేరుతుంది, అది చేరవలసినదే. కానీ అది వేసి, మా పల్లె పూజారిని పోషించామనుకోవడం పొరపాటు.

ఏమి చేయాలని అడిగేవారికి పెద్దలు ఏర్పరచిన మార్గం పేరు స్వయంపాకం. సంక్రమణానికో, అమావాస్యకో, ఇంటి పెద్దల తిథికో, లేదా నెలకు ఒకసారి మీకు వీలైన రోజున, మీ ఊరి గుడి అర్చకుని ఇంటికి మీరే వెళ్లండి. ఆయనను మీ ఇంటికి రప్పించుకోవద్దు. మీరు తినే బియ్యమే తీసుకువెళ్లండి, రేషన్ బియ్యం వేరే సంచిలో కట్టవద్దు. ఒక పూట కుటుంబానికి సరిపడే కందిపప్పు, చింతపండు, బెల్లం, ఉప్పు, ఎండుమిరప, నెయ్యి, రెండు రకాల కూరలు, తాంబూలం, దాని మీద దక్షిణ. దీపానికి నువ్వుల నూనె వేరే సీసాలో పెట్టండి, ఇంటి వంట నూనెతో కలిసిపోకుండా. మీ పిల్లవాడి చేత ఇప్పించండి. ఇచ్చాక ఏ స్తోత్రమైనా, పోనీ సంధ్యావందనంలో ఒక మంత్రమైనా, దాని అర్థం ఆ అర్చకుణ్ణి అడిగి వాడికి చెప్పించండి. పూర్తిగా చెప్పకుండా పుచ్చుకోకూడదన్న యాజ్ఞవల్క్యుని మాట ఆయనకూ వర్తిస్తుంది.